బోడిమెట్ట మీద సరిగి

అరకు లోయలో చాపరాయి గెడ్డ వాగు దాటి లోపలికి నడిస్తే తేనెపుట్టు వస్తుంది. చిన్న ఊరు. ఆ ఊరి కోడలు కనక. మనిషి పొట్టి, మాట తక్కువ, పంతం ఎక్కువ. ఏదైనా పట్టుకుంటే ఉడుము పట్టే. ఆమె మొగుడు సోంబరు రైలు పట్టాల మీద గ్యాంగు పనివాడు. ఇనుప రాయి మోసే బళ్ల కోసం కొండల కడుపులు తొలిచి లైను వేసిన కొత్తల్లోనే పనిలో చేరాడు. వారానికోసారి ఇంటికొచ్చి, ఒక పూట కల్లు తాగి, ఒక పూట నిద్రపోయి, మళ్లీ సుత్తి భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు.

డెబ్భైల మొదట్లో ఊరికి కోసెడు దూరంలో, రోడ్డు వార అటవీశాఖ వాళ్లు నర్సరీ పెట్టారు. పైన్ అనే చెట్టట. సముద్రాల అవతలి నుంచి విత్తనం వచ్చిందట. కొండల నిండా నాటితే కొన్నేళ్లకి కాగితం చేసుకోవచ్చునట. కొన్ని ఊళ్ల పోడు భూములు ఆ చెట్ల కిందకి పోయాయి. కనక పుట్టింటివాళ్ల కొర్ర చేను కూడా అలాగే పోయింది. అయినా ఆమె నర్సరీలో కూలికి చేరింది. “మీ అన్న చేను లాక్కున్న చెట్టుకి నీళ్లు పోస్తానని వెళ్తావేటే?” అని పుట్టింటివాళ్లు నిష్ఠూరమాడారు. కనక తలొంచుకుని విన్నది. మర్నాడు పొద్దున్నే అంబలి నింపిన సొరబుర్ర పట్టుకుని పనికి పోయింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. సోంబరు తెచ్చేది సగం దార్లోనే కరిగిపోయేది.

నర్సరీ చూసుకునేది ఫారెస్టరు సన్యాసిరావు. బొబ్బిలి వైపు మనిషి. చలికి చెవులకి మఫ్లరు చుట్టుకుని, నోట్లో చుట్ట పెట్టుకుని తిరిగేవాడు. కోపం తొందరగా వచ్చేది, అంతకన్నా తొందరగా పోయేది.

పైన్ విత్తనం చక్కగా మొలిచింది. ఆకుపచ్చ సూదుల్లాంటి ఆకులతో మొలకలు మళ్ల నిండా నిలబడ్డాయి. ఆడవాళ్లు వాటిని నల్లటి పాలిథిన్ సంచుల్లోకి మార్చారు. వేలెడు పొడవు పెరిగాయో లేదో, ఏదో దిష్టి తగిలినట్టు ఆగిపోయాయి. ఆకులు పసుపెక్కాయి, కొసలు ఊదారంగుకి తిరిగాయి. సన్యాసిరావు మొదట నీళ్లెక్కువ పోస్తున్నారని తిట్టాడు. నీళ్లు తగ్గించారు. తరవాత నీళ్లు చాలట్లేదని తిట్టాడు. నీళ్లు పెంచారు. పేడ ఎరువు వేశారు, బస్తా ఎరువు వేశారు, పందిరి తీశారు, మళ్లీ వేశారు. మొక్కలు అలాగే పసుపుగా, చావకుండా బతక్కుండా నిలబడ్డాయి.

కనకకి అన్నం సయించేది కాదు. జబ్బు చేసిన పిల్లని ఒళ్లో పెట్టుకున్నట్టు ఒక్కో సంచీని ఎత్తి చూసుకునేది. అన్న చేను మింగిన చెట్టు మీద ఇంత ప్రేమేమిటని తన మీద తనకే చిరాకు. కానీ చేతి కింద ఉన్న ప్రాణం చచ్చిపోతుంటే పగ గుర్తుండదు.

ఒకరోజు రేంజరు కృష్ణమూర్తి జీపులో వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఉత్తరాదిలో ఎక్కడో చెట్ల చదువు చదువుకొచ్చాడని చెప్పుకునేవారు. ఒక మొక్కని సంచీ చింపి బయటికి తీసి, వేళ్లని నీళ్లలో కడిగి ఎండకి పట్టి చూశాడు. బోసిగా, వెంట్రుకల్లా ఉన్నాయి.

“తప్పు నీళ్లది కాదు సన్యాసిరావ్. మనదీ కాదు. ఈ చెట్టు ఒంటరిగా బతకదు. దీని వేళ్లకి ఒక బూజు తోడు కావాలి. ఈ నేలలో ఆ బూజు లేదు” అన్నాడు.

నీళ్ల డబ్బాతో పక్కనే నిలబడ్డ కనక నోరు నొక్కుకుంది. బూజంటే ఆమెకి తెలిసింది ఒకటే. వానాకాలంలో మూల పెట్టిన సామలకి పట్టేది, తిండిని పాడు చేసేది.

“బూజు పడితే సచ్చిపోతాయి గదా బాబూ” అంది ఉండబట్టలేక.

రేంజరు విసుక్కోలేదు. “అది వేరు, ఇది వేరమ్మా. చెట్టు ఎండలో ఆకుల మీద అన్నం వండుకుంటుంది. బూజుకి ఎండ అక్కర్లేదు, అన్నం వండడం రాదు. కానీ అది దారంకన్నా సన్నం. వేరు చొరలేని సందుల్లోకి అది చొరబడుతుంది. రాతి పగుల్లో ఒక చుక్క తడి ఉన్నా పీల్చుకొచ్చి చెట్టుకిస్తుంది. చెట్టు దానికి అన్నం పెడుతుంది. కాపరం లాంటిదనుకో.”

“మరి ఆ బూజుని ఎక్కడ కొంటాం?” అన్నాడు సన్యాసిరావు.

“కొనేది కాదు. పెద్ద పైన్ చెట్లున్న చోటునుంచి వాటి కింద మట్టి తెచ్చి కలపాలి.”

అలాంటి చెట్లు దొరల కాలంలో నాటినవి కొన్ని కోరాపుట్ వైపు ఒక పాత బంగళా చుట్టూ ఉన్నాయని వాకబు చేసి తెలుసుకున్నారు. లారీ దొరకలేదు. వానలు నెత్తి మీదున్నాయి. సన్యాసిరావు, కనక, ఆమె జతగత్తె రత్నాలు పాసింజరు బండెక్కి వెళ్లారు. కనక రైలెక్కడం అదే మొదటిసారి. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా రత్నాలు చెయ్యి గట్టిగా పట్టుకునేది. వెలుతురొచ్చాక కిటికీలోంచి చూస్తే, పట్టాల పక్కన గ్యాంగువాళ్లు సుత్తులు ఆనించి నిలబడి బండికి దారిస్తున్నారు. వాళ్లలో సోంబరు ఉన్నాడేమోనని మెడ చాచి చూసింది. కనపడలేదు.

బంగళా చుట్టూ చెట్లు మబ్బుల్లోకి పోయినట్టున్నాయి. గాలి కొడితే గెడ్డ పారుతున్న చప్పుడు. కింద రాలిన సూదులు పరుపులా మెత్తగా ఉన్నాయి. ఆ పరుపు ఎత్తితే అడుగున నల్లటి మట్టి, దాని నిండా తెల్లటి నూలుపోగుల్లాంటి బూజు. కనక చేత్తో తీసి వాసన చూసింది. తొలకరి వానకి అడవిలో లేచే వాసన.

తడి గోనెల్లో మట్టి నింపి, పైన ఆకులు కప్పి, ఎండిపోకుండా దారంతా నీళ్లు చిలకరిస్తూ తెచ్చారు. రైలు పెట్టెలో ఒక ముసలాయన ఆ బస్తాలకేసి చాలాసేపు చూసి, “ఏటమ్మా అందులో, అల్లమా?” అని అడిగాడు.

“మట్టి” అంది రత్నాలు.

“మీ ఊళ్లో మట్టి నేదేటి?”

పెట్టంతా నవ్వింది. సన్యాసిరావు మఫ్లరులో మొహం దాచుకున్నాడు. కనక మాత్రం బస్తా మీద చెయ్యి తియ్యలేదు. లోపల ప్రాణమున్నదేదో తెస్తున్నానని ఆమెకి అప్పటికే నమ్మకం కుదిరిపోయింది.

ఆ మట్టిని పిడికెడు పిడికెడు సంచుల్లో కలిపారు. వానలు పడ్డాయి. కొన్నాళ్లు ఏమీ జరగలేదు. తరవాత ఒక మూలనుంచి మొదలై, పసుపు కరిగి పచ్చదనం పాకుతూ వచ్చింది, దీపం నుంచి దీపం వెలిగించినట్టు. వేసవిలో గెడ్డ సన్నబడి నీళ్లు పూట మార్చి పూట పోయాల్సి వచ్చినా మొక్కలు వాడలేదు. కనక ఒక మొక్కని తీసి, రేంజరు చేసినట్టే వేళ్లు కడిగి చూసింది. బోసి వేళ్లు కావవి. చిన్న చిన్న కొమ్మలు వేసి, పొట్టిగా లావుగా, తెల్లటి ఉన్ని చుట్టుకున్నట్టున్నాయి. ఆ రోజు సన్యాసిరావు తన డబ్బుతో సంతలో జిలేబీ కొని అందరికీ పంచాడు.

నర్సరీలో మధ్యాహ్నం అంబలి తాగడానికి కూర్చుంటే ఎదురుగా తేనెపుట్టుకి పడమటనున్న మెట్ట, చెట్టులేని చిన్న కొండ, కనపడేది. బోడిమెట్ట. సోంబరు చిన్నతనంలో అదంతా సరిగి చెట్లేనట. గుగ్గిలం కారే చెట్టు అది. పల్లంవాళ్లు గుగ్గిలం చెట్టంటారు. దాని ఆకుల్లో అన్నం తినేవారు, గింజల నూనె తీసేవారు, బంకతో దేవుళ్లకి ధూపం వేసేవారు. కొంత ఊరివాళ్లే పోడుకి కొట్టి కాల్చుకున్నారు. మిగతాది ఒక కాంట్రాక్టరు రైలు పట్టాల కింద పరిచే దిమ్మల కోసం పట్టుకుపోయాడు. “నేను రోజూ నడిసేది మా మెట్ట మీదేలే” అని సోంబరు తాగినప్పుడు నవ్వేవాడు, తాగనప్పుడు నవ్వేవాడు కాదు. చెట్లు పోయాక మెట్ట మీది మన్ను గెడ్డలోకి జారింది. దాని పాదంలో వేసవంతా పారే ఊట శివరాత్రికే ఎండిపోవడం మొదలెట్టింది. కడివెడు నీళ్ల కోసం ఆడవాళ్లు రెండు మెట్టలు దాటేవారు.

మెట్ట మీద సరిగి గింజలు చల్లినవాళ్లు లేకపోలేదు. మొలిచేవి. వేసవికి మాడిపోయేవి.

పైన్ మొక్కల వేళ్లు చూసినప్పటినుంచీ కనక మనసులో ఒక పురుగు తొలవడం మొదలెట్టింది. మెట్టకి చెట్లే కాదు, చెట్ల తోడు కూడా పోయిందేమో. తొలకరికి, గాలికి ఎగిరొచ్చి దారి మీద పడ్డ సరిగి గింజలు ఏరుకొచ్చింది. రాలిన నాలుగు రోజుల్లో మట్టిలో పెట్టకపోతే ఆ గింజ చచ్చిపోతుంది. చిరిగిన సంచుల్లో, మిగిలిపోయిన పైన్ మట్టి కలిపి నాటింది. మొలిచాయి. రెండేసి ఆకులు వేశాయి. చలికాలం వెళ్లేసరికి ఒక్కొక్కటే వాలిపోయాయి.

సన్యాసిరావు చూశాడు. సర్కారు మట్టి ఎందుకు వాడావని తిడతాడనుకుంది. ఆయన వాలిపోయిన మొక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“పైన్ మట్టి ఏసినాను బాబూ. మరెందుకు సచ్చిపోయినాయి?”

“పైన్ బూజు పైన్‌కే మొగుడేమో కనకా. దీనికి దీని బూజు ఉండాల. నాకూ సరిగ్గా తెల్దు. రేంజరు గారినడుగుదామంటే ఆయనకి బదిలీ అయిపోయింది.” వాలిన కాడని వేలితో లేపి చూస్తూ అన్నాడు. “సరిగి చెట్లు ఎక్కడున్నాయో ఆ కింద మట్టి తేగలవా?”

సరిగి చెట్లు ఆ చుట్టుపక్కల ఒకే చోట మిగిలాయి. ఊరికి ఉత్తరాన జాకర దేవత తోపులో.

జాకర కొండ దేవత. విత్తనం నేల మీద పడాలన్నా, వేటకి పోవాలన్నా ముందు ఆమెకి చెప్పుకోవాలి. ఆ తోపులోంచి పుల్ల విరవకూడదు, ఆకు తేకూడదు. మంచీ చెడ్డా రోజులు చూసి చెప్పే దిసారి గాసి ఆ తోపుకి కాపలా. సోంబరుకి పెదనాన్న. కనక ఆయనకి ఎదురుపడి మాట్లాడిందే తక్కువ. ఒక సాయంత్రం ధైర్యం చేసి ఆయన అరుగు దగ్గరకెళ్లి నిలబడింది.

“మావా, తోపులో మన్ను కొంచెం గావాల.”

“ఏటికి?”

“బోడిమెట్ట మీద సరిగి ఎయ్యడానికి. ఆ మన్నులో తెల్ల దారాలుంటాయి, ఆటి తోడు నేకపోతే సరిగి బతకదు.”

గాసి పొగాకు నలుపుతున్నవాడు ఆగాడు. “పుల్ల తేకూడని సోట మన్ను తవ్వుతావా? అదేటి నీ సర్కారు నర్సరీ అనుకున్నావా?”

కనక వెనక్కి తిరిగి వెళ్లిపోతే సరిపోయేది. కానీ నోరు జారింది. “తోపులో అన్నీ ముసలి సెట్లే మావా. పిల్ల మొక్క ఒకటి నేదు. ఆ తోపు సచ్చిపోతే జాకర ఎక్కడుంటాది?”

ఆ మాట ఊరంతా పాకింది. దేవత చచ్చిపోతుందని అందట, అని ఒకరు. తోపు చావాలని కోరుకుందట, అని ఇంకొకరు. ఆ వానాకాలమే ఊళ్లో జ్వరాలు వచ్చాయి. రత్నాలు కూతురు చాలా రోజులు మంచం పట్టింది. కలిసి రైలెక్కిన రత్నాలు, నర్సరీలో కనక పక్కన కూర్చోవడం మానేసింది. గాసి ఎదురొస్తే పక్క దారి పట్టేవాడు. సోంబరు తాగొచ్చి, “నీకేటి పట్టిందే? సెట్లు పోయినాయి, పోయినాయి. ఒగ్గీ” అని అరిచాడు.

కనక వదిలేసినట్టే కనిపించింది. పనికి వెళ్లేది, వచ్చేది. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. మెట్ట కేసి చూడకుండా అటు వీపు పెట్టి అంబలి తాగేది. రత్నాలు కూతురికి జ్వరం తగ్గాక కూడా ఊరివాళ్ల మనసులు విప్పారడానికి ఏడాది పైనే పట్టింది.

తరవాతి కార్తీకంలో తుపాను వచ్చింది. సముద్రం మీద పుట్టిన గాలి కొండలెక్కి వచ్చి రెండు రోజులు లోయని ఊపేసింది. వాన వెలిసిన పొద్దున గాసి స్వయంగా కనక గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. “రా” అని ఒక్క మాట అని ముందు నడిచాడు. ఆమె వెనక నడిచింది.

తోపులో అన్నిటికన్నా పెద్ద సరిగి కూలిపోయి ఉంది. దానితో పాటు వేళ్లు కూడా పెకిలి, ఇంటి గోడంత మట్టిపెళ్ల నిలువునా లేచింది. ఆ పెళ్ల నిండా, నల్లటి మన్నులో, వేరు వేరుకీ మధ్య తెల్లటి దారాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. వాన చుక్కలు వాటి మీద నిలిచి మెరుస్తున్నాయి.

“నువ్వు సెప్పిన దారాలు ఇయ్యేనా?” అన్నాడు గాసి.

“ఇయ్యే మావా.”

ముసలాయన కూలిన మాను మీద కూర్చోబోయి, తప్పనిపించి నేల మీద కూర్చున్నాడు. “మా తాత కూడా దీన్ని ముసలి సెట్టనే అనేవోడు. నాను ఇన్నేళ్లు పైకే సూసినాను. కింద పిల్లలు నేవని సూడ్నేదు. మేకలు మేసెత్తన్నాయి, మనం తొక్కెత్తన్నాం.”   ఆయన కళ్లు తడిగా ఉండడం చూసి కనక మొహం తిప్పుకుంది.

“మన్ను తవ్వకూడదు” అన్నాడు గాసి. “తవ్వి పట్టుకుపోతే దొంగతనం. కానీ జాకరని పిలవొచ్చు. బోడిమెట్ట మీదకి రా తల్లీ అని పిలిస్తే, తన మన్నుతో తనే వస్తాది. అప్పుడు మనం మోస్తాం.”

అలా ఆ మట్టి కదిలింది. మరుసటేడు తొలకరి పడగానే, సరిగి రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ రాలే రోజుల్లో, గాసి రోజు చూసి చెప్పాడు. కొత్త కుండలు తెచ్చారు. కోడిని కోసి, ధూపం వేసి, కూలిన చెట్టు గుంతలోని మన్ను గాసి తన చేత్తో తీసి కుండల్లో పోశాడు. ముందు డప్పులు, వెనక ఆడవాళ్లు. మొదటి కుండ కనక నెత్తిన పెట్టారు. రెండో కుండ రత్నాలు అడగకుండానే ఎత్తుకుంది. కనక పక్కనే నడిచింది. సోంబరు సెలవు పెట్టి వచ్చి, గ్యాంగుపని చేసే మొరటు చేతులతో మెట్టంతా గుంటలు తవ్వాడు. గుంటకి పిడికెడు తోపు మన్ను, రెండు గింజలు. కింద నుంచి పైకి పోతూ పోతూ, మెట్ట నెత్తికి చేరేసరికి కుండలు ఖాళీ అయ్యాయి. పై గుంటల్లో గింజలు మాత్రమే పెట్టి మూశారు.

చుట్టూ ముళ్లకంప వేశారు. మేకలు కాసేవాళ్లని గాసి పిలిచి గట్టిగా చెప్పాడు. గింజలు మొలిచాయి. ఆకులు వెడల్పుగా, మెరుస్తూ వచ్చాయి. కనక నర్సరీ పని అయ్యాక ఇంటికి పోకుండా మెట్ట మీదుగా చుట్టు తిరిగి పోయేది.

మొదటి వేసవికి ఆకులు ఎండి రాలాయి, కాడలు మాడాయి.  వానకి మళ్లీ అడుగునుంచి చిగురు వచ్చింది. కనక హమ్మయ్య అనుకుంది. ఆ మరుసటేడు వానలు మొహం చాటేశాయి.

అది గొప్ప కరువు. పల్లంలోనూ, కొండ మీదా ఒకే తీరు. ఆషాఢంలో మబ్బులు వచ్చినట్టే వచ్చి ఒరిస్సా వైపు తరలిపోయాయి. సామ మొలకలోనే పోయింది. చోడి, అదే రాగి, అరచెయ్యి ఎత్తున ఎండింది. జనం అడవి దుంపలు తవ్వుకున్నారు. మామిడి టెంకల్లో జీడి తీసి, నానబెట్టి, వగరు పోయేదాకా కడిగి అంబలి కాచుకున్నారు. నర్సరీలో పని ఆగిపోయింది. కనక చిన్న కూతురిని తీసుకుని కాఫీ తోటల్లో కూలికని గూడెం కొత్తవీధి వైపు పోయింది. పోయే ముందు మెట్ట ఎక్కి చూసింది. నేల పెంకులా పగిలింది. మొక్క ఉన్న చోట ఎండు పుల్ల కూడా లేదు. ఒక గుంట దగ్గర గోటితో గీకి చూసింది. దుమ్ము. అక్కడే కూలబడి ఏడ్చింది. ఊరంతా కలిసి మోసుకొచ్చిన తల్లిని తను ఈ మంటలో వదిలేసిపోతున్నాననిపించింది. ఆ పైన మెట్ట మాట ఎత్తలేదు. సోంబరు కూడా ఎత్తలేదు. తాగి ఉన్నప్పుడు కూడా ఆ ఒక్కటీ వెక్కిరించలేదు.

మరుసటేడు వానలు పడ్డాక తిరిగొచ్చింది. వచ్చిన వెంటనే మెట్ట ఎక్కలేదు. భయం. ఇంటి కప్పు సరిచేసుకుంది, చేను దున్నించుకుంది. ఒక పొద్దున మేకపిల్ల తప్పిపోతే వెతుక్కుంటూ ముళ్లకంప దాకా వెళ్లింది. కంప అవతల నేల మీద ఎర్రగా ఏదో కదిలింది. పువ్వనుకుంది. వంగి చూస్తే లేత చిగురు. సరిగి చిగురు ఎర్రగానే వస్తుంది. పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. ఎర్రటి ఆకులు మెట్ట వాలంతా అక్కడక్కడా నిప్పురవ్వల్లా లేచాయి.

మేకపిల్ల సంగతి మరిచిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని ఒక చిగురు చుట్టూ మట్టి మెల్లగా తోడింది. పైన మాడింది గానీ కింద వేరు బొటనవేలంత లావుంది. పక్క వేళ్ల కొసలకి తెల్లటి ఉన్ని. అవి మన్నులోంచి రాతి సందుల్లోకి పోయి కనపడకుండా అయిపోయాయి. రెండేళ్ల ఎండలో ఆ మొక్క చావలేదు. ఇంటి తలుపులు మూసుకుని లోపల కూర్చుంది, అంతే. తోడిన మన్నుని మళ్లీ కప్పి, రెండు చేతులతో ఒత్తి, ఆ చేతులు కళ్లకద్దుకుంది.

అన్నీ బతకలేదు. కింది వాలులో సగం దాకా లేచాయి. మెట్ట నెత్తిన, కుండలు ఖాళీ అయిన చోట, ఒక్కటీ లేదు. అక్కడ రాయి ఎక్కువ. రాయి వల్లా, మన్ను లేకపోవడం వల్లా అని కనక చాలాకాలం తర్కించుకుంది. తేలలేదు.

గాసికి అప్పటికి చూపు పోయింది. అరుగు మీద కంబళి కప్పుకుని కూర్చునేవాడు. కనక పరుగెత్తుకెళ్లి చెప్పింది.

“మావా, ఎర్రగా సిగురేసినాయి!”

“ఎన్ని?”

“లెక్కెట్టనేదు.”

“మంచిది. లెక్కెట్టకు. దిష్టి తగుల్తాది.” బోసినోటితో నవ్వి, “నన్ను ఓసారి తీసుకెళ్లు. సేత్తో సూస్తాను” అన్నాడు. సోంబరు ఆయన్ని వీపున ఎక్కించుకుని తీసుకెళ్లాడు. ముసలాయన చిగురు చిగురునీ వేళ్లతో తడుముతూ పేరు పెట్టి పిలిచినట్టు ఏదో గొణిగాడు. ఆ చలికాలం దాటలేదు.

సరిగి నిదానంగా పెరిగే చెట్టు. కొన్నేళ్లపాటు అవి మోకాలెత్తు దాటలేదు. పైకి పెరగనిదంతా కిందికి పెరుగుతోందని కనక పిల్లలకి చెప్పేది. తరవాత ఒక వానాకాలం ఏదో నిర్ణయించుకున్నట్టు ఒక్కసారిగా లేచాయి. ఎనభైలు సగం దాటేసరికి వాటి కింద మనిషి నిలబడితే నీడ పడేది. తొలకరి ఉరుములకి ఆ నీడలో తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. ఊరివాళ్లు కూర వండుకున్నారు. పాదంలో ఊట ఇప్పుడు ఉగాది దాకా తడిగా ఉంటోందని కొందరు, అదంతా వానల పుణ్యమని కొందరు. కనక ఆ వాదంలోకి దిగలేదు.

అల్లం వేస్తే లాభమని కుర్రాళ్లు చుట్టుపక్కల వాలులన్నీ మళ్లీ నరకడం మొదలెట్టారు. బోడిమెట్ట దాకా వచ్చి ఆగారు. అక్కడ జాకరని తెచ్చి నిలిపారు మరి. ఒకసారి బుధు అనేవాడు ఇంటి గుంజకని ఒక చెట్టు కొట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు, వాడింట్లో నిప్పు అడగడం మాత్రం మానేశారు. వారం తిరక్కుండా వాడే కోడి పట్టుకొచ్చి తప్పు చెల్లించుకున్నాడు. మట్టి ఊరికే తవ్వుకోనివ్వకుండా గాసి ఎందుకు అంత పట్టుపట్టాడో కనకకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. వేళ్ల సంగతి బూజు చూసుకుంటుంది. గొడ్డలి సంగతి చూసుకునేది వేరే ఉండాలి.

బదిలీ మీద సీలేరు వెళ్లిన సన్యాసిరావు పింఛను తీసుకునే ముందు ఒకసారి చూసిపోదామని వచ్చాడు. అదే మఫ్లరు, చుట్ట మాత్రం డాక్టరు మానిపించాడు. ఇద్దరూ ముందు పైన్ తోట చూశారు. చెట్లు నిలువుగా, వరసగా, మబ్బుల దాకా. కింద సూదుల పరుపు మీద గడ్డి కూడా మొలవలేదు.

“మీ అన్న చేను ఎక్కడుండేది?” అన్నాడాయన.

కనక చేత్తో చూపించింది. అక్కడా చెట్లే. “కోపం రాదా కనకా?”

“వస్తాది బాబూ. ఇక్కడికొస్తే పోతాది. పరాయి పిల్లలైనా పెంచిన సెయ్యి నాదే గదా. ఇటనుంచి ఎల్లిపోతే మళ్లీ వస్తాది.”

తరవాత బోడిమెట్ట ఎక్కారు. సన్యాసిరావు ఒగరుస్తూ, ఆగుతూ, ఒక్కో చెట్టు మానునీ తట్టుకుంటూ నడిచాడు. మెట్ట నెత్తిన ఖాళీ రాళ్ల దగ్గర నిలబడి కనక తన పాత సందేహం అడిగింది. ఆయన ఆలోచించాడు. “రాయి వల్ల కావొచ్చు. మన్ను లేక కావొచ్చు. తెలవాలంటే ఇప్పుడు మన్ను ఏసి సూడాల.”

“ఇప్పుడా? ముసిలోళ్లమయిపోనాం.”

“సెట్టుకేటి తెలుస్తాది మన వయసు?”

ఆ తొలకరికే కనక కొడవలి, గంప పట్టుకుని మెట్ట నెత్తికి ఎక్కింది. ఈసారి మన్ను కోసం తోపు దాకా పోనక్కర్లేదు, కింది వాలు చెట్ల అడుగునే ఉంది. ఆ చెట్టు మొదట్లో నాలుగు ధూపం పలుకులు వెలిగించి, అడగాల్సింది అడిగి, మన్ను ఎత్తుకుంది. మోకాళ్లు పట్టేస్తున్నాయని రైలు పని మానేసిన సోంబరు పలుగుతో రాళ్ల మధ్య సందులు వెడల్పు చేస్తూ, “ఈ రాళ్లలో మొలిస్తే నా పేరు మార్సుకుంటాను” అంటూనే తవ్వాడు. వాన మొదలైంది. ఇద్దరూ గోనెసంచులు నెత్తిన కప్పుకుని, సందు సందులోనూ పిడికెడు మన్ను, రెండు సరిగి గింజలు కూరుతూ, చీకటి పడే లోపల ఆ వరస పూర్తి చెయ్యాలని బేగి బేగి చేతులాడించారు.